ఏడో పిన్ని మానేసిన ఉప్పు

ఏడో పిన్నికి కిడ్నీలు రెండూ పోయాయట, డాక్టరు ఉప్పు ముట్టుకోవద్దన్నాడట, ఇంకో ఏడాది గడిస్తే గొప్పట. ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో ఆ మాట పుట్టింది. వారం తిరిగేసరికి నది సముద్రంలో కలిసే మొగ దాటి అవతలి ఒడ్డుకు కూడా పోయింది.

మొదట అన్నది సూ పెద్దమ్మ. ఆవిడ ఊరికే అనలేదు, కళ్లారా చూసి అంది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పి అన్నంలోకి ఉప్పు చేప, ఊరేసిన ఆవాకు నంజుకుంటుంటే, ఏడో పిన్ని ఒక మూల కూర్చుని ఉడికించిన చిలగడదుంప తొక్క తీసుకుని తింటోంది. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే.

"ఏమే, సముద్రం మీద బతుకుతూ ఉప్పు ముట్టవేంటే?" అని అడిగింది సూ పెద్దమ్మ.

"పడట్లేదత్తయ్యా," అంది ఏడో పిన్ని.

ఆ ఒక్క మాట చాలింది. ఒకామె ఆమెను పెద్దాసుపత్రి మెట్ల మీద చూశానంది. ఇంకొకామె, పొద్దున పూట ముఖం ఉబ్బి ఉంటోంది గమనించారా అంది. అప్పటినుంచి అందరికీ ఉబ్బే కనిపించింది. ఆసుపత్రికి ఆమె వెళ్లింది కూతురి పన్ను పీకించడానికి. అది ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

చెప్పకపోవడం ఆమెకు కొత్త కాదు. అసలు పేరు లై సౌహింగ్. ఫాన్ వాళ్ల ఏడో కొడుకును చేసుకుంది కాబట్టి ఒడ్డున చిన్నవాళ్లందరికీ ఏడో పిన్ని. పుట్టింది నదికి ఎగువన, లీచీ తోటల కొండల్లో. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఆరో తరగతిలో బడి మాన్పించారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఈత రాదు, పడవెక్కితే కడుపులో తిప్పేది. ఆమె గొంతెలా ఉంటుందో తెలియడానికి తమకు నెల పట్టిందని ఆడబిడ్డలు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

ఆమె మామగారికి ఆ తీరమంతా పేరున్న నాలుక ఉండేది. ఆల్చిప్పలకు ఉప్పు మరీ ఎక్కువైనా పనికిరాదు, అసలు లేకపోతే ప్రాణానికే మోసం. ఎగువన వానలు పడి నది నీళ్లు అఖాతంలోకి దిగితే మూడు నాలుగు రోజుల్లో చిప్పలు నోళ్లు తెరిచేస్తాయి. నీళ్లు చప్పబడుతున్నాయని ముందే పసిగట్టినవాడే చిప్పల తాళ్లు వేలాడే తెప్పలను మొగ బయటికి లాగి బతికించుకుంటాడు. ముసలాయన బిరడా పెట్టిన సీసాకు రాయి కట్టి రెండు బారల లోతుకు దించేవాడు. అక్కడ దారంతో బిరడా లాగి, నిండిన సీసా పైకి తీసి, ఒక చుక్క నాలుక మీద వేసుకునేవాడు. "పై నీళ్లు తొందరపడతాయి, అడుగు నీళ్లు బద్ధకిస్తాయి. నడిమి నీళ్లను అడగాలి," అనేవాడు.

ఏడుగురు కొడుకుల్లో ఒక్కడికీ ఆ విద్య అబ్బలేదు. చివరికి సీసాను ఏడో కోడలి చేతికిచ్చాడు. "వాగే నోటికి రుచి తెలీదు. దీనికైతే తెలుస్తుంది," అన్నాడు. అది పొగడ్తో కాదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. సీసా మాత్రం దాచుకుంది.

అప్పటికి దక్షిణపు ఒడ్డంతా మడ అడవి, బురద. నీళ్లు వెనక్కి తీశాక ఆడవాళ్లు పారలు పట్టుకుని కూరకు ఇసుక పురుగుల కోసం అక్కడే తవ్వేవాళ్లు. ఇప్పుడు ఆ బురద ఎక్కడుందో చెప్పమంటే ఆమె వల్ల కూడా కాదు. సముద్రాన్ని పూడ్చి నేల చేశారు. ఆ నేల మీద కంటైనర్ పెట్టెల గుట్టలు, గుట్టల మీద క్రేన్లు. పడమటి కొండల నుంచి రైళ్లు నేరుగా ఓడ పక్కకే వచ్చి ఆగుతాయి. దక్షిణ దేశాల నుంచి ఘాటు వాసనేసే డ్యూరియన్ పండ్లు దిగే రోజుల్లో గాలి ఇటు తిరిగితే ఊరంతా ముక్కు మూసుకుంటుంది, సాయంత్రానికి అందరూ అవే కొనుక్కుంటారు. ఎగువన నదంత వెడల్పు కాలువ తవ్వుతున్నారు. లోపలి ఊళ్ల పడవలన్నీ దాని గుండా ఈ ఒడ్డుకే, చిన్‌జౌ సముద్రానికి వస్తాయి. ఏటేటా ఓ కొత్త వీధి పుడుతుంది, దానికి పేరు పెట్టేలోగా ఇంకోటి పుడుతుంది.

ఫాన్ వాళ్ల ఒడ్డున ఉన్న ఇల్లు ఆ నేలలో కలిసిపోయింది. వాళ్లకు తొమ్మిదో అంతస్తులో ఇల్లిచ్చారు. ఆ మేడ లిఫ్టులో ఎప్పుడూ ఎండు రొయ్యల వాసనే. భర్త ఫాన్ గ్వాంగ్‌చియు రేవు లోపల లారీ నడుపుతాడు. కూతురు జియిన్ చల్లటి గదిలో తెర ముందు కూర్చుని, ఎక్కడో మైలు దూరాన ఉన్న క్రేనుతో పెట్టెలు ఎత్తిస్తుంది. "అమ్మ తాడు లాగుతుంది, నేను మీట లాగుతాను. మా ఇంట్లో అందరిదీ లాగుడు బతుకే," అని నవ్వుతుంది.

"ఇక చాలు, ఇంట్లో కూర్చోవే," అని గ్వాంగ్‌చియు ఎన్నిసార్లో అన్నాడు.

"కూర్చుని ఏం చెయ్యను? తొమ్మిదో అంతస్తులో ఆటూ లేదు, పోటూ లేదు," అనేది ఆమె. అంతకుమించి వాదించేది కాదు. పొద్దున్నే లేచి వెళ్లిపోయేది.

పోయిన ఏడాది వేసవి వానల్లో ఆమెకున్న పదహారు తెప్పల్లో పన్నెండింటి చిప్పలు చచ్చాయి. ఆ ఉదయం ఆమె సీసా దించి, రుచి చూసి, ఇంకో రెండు రోజులు ఆగొచ్చనుకుంది. పక్కవాళ్లతోనూ అదే అంది. మూడో నాటికి తాళ్లు పైకి లాగితే చిప్పలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆ కంపు ఒడ్డున పది రోజులు పోలేదు. మొగకు దూరంగా, సముద్రం వైపున్న నాలుగు తెప్పలే మిగిలాయి. అదృష్టం కొద్దీ పక్కవాళ్లు ఆమె మాట వినకుండా ముందే లాగేసుకున్నారు. "ఫాన్ ముసలాయన నాలుక ఆయనతోనే పోయింది," అన్నారంతా. ఆమె తల వంచుకుని, "నీళ్లు మోసం చేశాయి," అంది.

నీళ్లు మోసం చెయ్యలేదని ఆమెకు తెలుసు. ఆ పొద్దున పడవలోనే గంజి తాగింది. గంజిలోకి ఉప్పులో ఊరేసిన దోసకాయ కరకరా నమిలింది. ఆ ఊళ్లో గంజి ఉన్నచోట ఆ దోసకాయ లేకుండా ఉండదు. నోరు కడుక్కోకుండా సీసా ఎత్తింది. నాలుక మీదున్న ఉప్పు దోసకాయది, నీళ్లది కాదు. చెత్తకుండీ దగ్గర చచ్చిన చిప్పలు కుమ్మరిస్తున్నప్పుడు ఆ సంగతి ఆమెకు వెలిగింది. ఫాన్ వాళ్ల నాలుకను ఊరగాయ ముక్కకు అమ్ముకున్నదాన్నని ఏ నోటితో చెప్పుకుంటుంది? భర్తకు కూడా చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం పోటు తిరిగాక ఒకసారి నీళ్లు చూసేదాకా ఉప్పన్నది నోట పెట్టడం మానేసింది.

ఈ ఏడాది కొత్త కబురొచ్చింది. పెద్ద ఓడల కోసం దారి వెడల్పు చేస్తున్నారు. అఖాతంలోని తెప్పలన్నీ చాంద్రమానపు ఐదో నెల పున్నమిలోగా ఓడల దారికి అవతల, బయటి నీళ్లలోకి పోవాలి. అక్కడ గీతలు గీసి ఇంటికింత నీటి స్థలం ఇస్తారు. బతికున్న తెప్పలు తెచ్చుకున్నవాళ్లకే స్థలం, లేనివాళ్లకు లేదు. ఏడో పిన్నికి ఉన్నవి నాలుగే. అవి బతికి అవతల చేరితే ఆమెకు సముద్రం ఉంటుంది, లేకపోతే తొమ్మిదో అంతస్తే.

పెంపకందార్ల సంఘానికి పెద్ద వేయ్ చుంగ్‌లోక్. డెబ్బై ఏళ్ల మనిషి, సూ పెద్దమ్మ మొగుడు. కిడ్నీల కథ ఆయన చెవికి పక్క దిండు నుంచే చేరింది. పేర్లు రాసే రోజున ఏడో పిన్ని వంతు వచ్చేసరికి ఆయన కలం ఆగింది.

"ఏడో కోడలా, బయటి నీళ్లు ఇక్కడిలా ఉండవు. అలలుంటాయి. నీ ఒంటి సంగతేంటి? డాక్టరు కాగితం ఏదైనా ఉంటే తీసుకురా."

"కాగితం దేనికి మావయ్యా? తెప్పలు తెస్తాను," అంది ఆమె.

"తెస్తే రాస్తాను," అని ఆయన ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

పడవ పందేల పండుగ అయిపోయింది. పండుగతో రావలసిన వానలు రాలేదు, ఆకాశం మాత్రం బరువుగా ఉంది. పదమూడో తారీకున అందరి తెప్పలూ ఒకేసారి ఓడల దారి దాటేటట్టు రేవువాళ్లు అనుమతిచ్చారు. పదో తారీకు సాయంత్రం కొండల్లోంచి తమ్ముడు ఫోన్ చేశాడు. లీచీ కాయలు కోయడానికి వీల్లేకుండా రెండు రోజులుగా కుండపోతట, తోటలో మోకాలి లోతు నీళ్లట.

పదకొండున తెల్లవారగానే ఏడో పిన్ని పరగడుపున పడవేసుకుని వెళ్లింది. సీసా దించింది. మొదటి చుక్క నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. మూడు బారలకు ఇంకోసారి దించింది. పై నీళ్లు చప్పగా ఉన్నాయి. నడిమి నీళ్లలో ఉప్పు ఉంది కానీ పలచబడింది, నిన్నటిలా నాలుక పక్కలను పట్టుకోవడం లేదు. ఎల్లుండి దాకా ఆగితే ఏమవుతుందో ఆమె ముక్కుకు గుర్తే.

రేవుమెట్ల దగ్గరికి వచ్చేసరికి ఏడు గంటలు. తెప్పలవాళ్లు ఇరవై ముప్పై మంది తాళ్లు సరిచేసుకుంటూ కబుర్లాడుకుంటున్నారు. మధ్యలో స్టూలు మీద వేయ్ చుంగ్‌లోక్ టీ తాగుతున్నాడు. అంతమంది ముందు మాట్లాడాలంటేనే ఆమెకు అరికాళ్లు చల్లబడతాయి. అయినా నేరుగా వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"మావయ్యా, నా తెప్పలు ఇవాళే దాటించాలి. రేవువాళ్లను దారి అడగండి. మీరు కూడా ఎల్లుండి దాకా ఆగొద్దు. నీళ్లు చప్పబడుతున్నాయి."

"నేనూ చూశాగా తెల్లారి. బాగానే ఉన్నాయి. ఉప్పగా ఉన్నాయి," అన్నాడాయన. సంఘానికి ఉప్పు కొలిచే పరికరం ఒకటుంది. నాలుక ఉండగా గాజుముక్క దేనికని ఆయన దాన్ని టీవీ పక్కన పెట్టుకునేవాడు. ఆ వారం బయటి నీళ్లలో గీతలు గీసేవాళ్లు దాన్ని పట్టుకెళ్లారు.

ఇంజను పడవ నడిపే ఆ-టిమ్ పక్కనుంచి అందుకున్నాడు. "పోయినేడు కూడా పిన్ని చెప్పింది కదా, బాగున్నాయని. ఈసారి బాగోలేవంటోంది. అంటే బాగున్నాయనే లెక్క."

నవ్వులు. ఏడో పిన్ని చెవులు ఎర్రబడ్డాయి. ఇంకెవరైనా అయితే తిరిగి వెళ్లిపోయేవాళ్లు. ఆమె చేతిలోని సీసాను రెండు చేతులా పట్టుకుంది.

"పోయినేడు నీళ్లు నన్ను మోసం చెయ్యలేదు. అబద్ధమాడాను," అంది. గొంతు చిన్నదే కానీ అందరికీ వినబడింది. "నీళ్లు చూసేముందు గంజిలో దోసకాయ ఊరగాయ తిన్నాను. ఆ ఉప్పే నాలుక మీద ఉంది. చప్పటి నీళ్లు నాకు ఉప్పగా తగిలాయి. పన్నెండు తెప్పలు అందుకే పోయాయి. అప్పట్నుంచీ నీళ్లు చూడకుండా ఉప్పు తినడం లేదు."



"దోసకాయ ముక్కకి పన్నెండు తెప్పలా," అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

"అవును, పన్నెండు," అంది ఆమె ఆ వైపు చూసి. తర్వాత వేయ్ చుంగ్‌లోక్ వైపు తిరిగింది. "మావయ్యా, మీరు పొద్దున ఏం తిన్నారు?"

"గంజి."

"గంజిలోకి?"

వేయ్ చుంగ్‌లోక్ టీ గిన్నెలోకి చూశాడు. జవాబు పక్కనే తాడు చుడుతున్న సూ పెద్దమ్మ నుంచి వచ్చింది. "ఉప్పు చేప. నేనే వేయించి పెట్టాను. తలకాయ కూడా వదల్లేదు."

ఈసారి నవ్వులు ఇంకోవైపు తిరిగాయి. అయితే నవ్విన ప్రతివాడూ తన నాలుకను పళ్లకేసి రాసుకుంటున్నాడు. ఆ పొద్దున గంజిలోకి ఏమీ నంజుకోనివాడు ఆ మెట్ల మీద ఒక్కడూ లేడు.

వేయ్ చుంగ్‌లోక్ టీతో నోరు పుక్కిలించి ఉమ్మేసి, ఆమె చేతిలోంచి సీసా తీసుకున్నాడు. ఒక చుక్క వేసుకున్నాడు. ఇంకా చేపే తగిలిందో ఏమో, మొహం చిట్లించాడు.

"నాకేం తెలియట్లేదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం అంతకుముందెన్నడూ వాళ్లెవరూ వినలేదు. జేబులోంచి ఫోన్ తీసి రేవువాళ్లకు చేశాడు. చాలాసేపు బతిమాలాడు, ఒకసారి గద్దించాడు. "రెండున్నర నుంచి మూడుంబావు దాకా ఓడలు లేవట. ఆ ముప్పావుగంటలో దాటాలి. నది నీళ్లు దిగలేదో, ఏడో కోడలా, ఈ ఒడ్డున నువ్వూ నేనూ ఇక నోరెత్తలేం."

"దిగుతాయి," అంది ఆమె.

నాలుగు తెప్పలను మామూలుగా లాగితే గంటన్నర పడుతుంది. వేగంగా లాగితే కింద వేలాడే తాళ్లు ఊగి చిప్పలు ఒకదానికొకటి కొట్టుకుని రాలిపోతాయి. అందుకని ఆమె తాళ్లన్నిటినీ పైకి లాగి, నీళ్లకు ఒక మూర లోతున వెదురు బొంగులకు మడిచి కట్టడం మొదలుపెట్టింది. నాలుగు తెప్పలకు పన్నెండు వందల తాళ్లు. ఇంతలో గ్వాంగ్‌చియు రేవు చొక్కాతోనే వచ్చాడు. పని ఇంకొకరికి అప్పగించి వచ్చానన్నాడు.

"దోసకాయ సంగతి నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు ముడి వేస్తూ.

"నువ్వు నవ్వుతావని."

"నవ్వనా మరి?" అని నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరూ రెండింటి దాకా తలెత్తకుండా పని చేశారు. వేళ్లు చిప్ప అంచులకు చీరుకున్నాయి. ఆ-టిమ్ ఒడ్డునుంచి కాసేపు చూసి, తిట్టుకుంటూ చేతి తొడుగులేసుకుని తానూ ముడులు వేశాడు.

రెండున్నరకు ఇంజను పడవ కదిలింది. నాలుగు తెప్పలు ఒకదాని వెనక ఒకటి. మధ్యలోకి వచ్చేసరికి మూడో తెప్పకూ నాలుగో తెప్పకూ మధ్య మోకు పీచులు పీచులుగా విడిపోవడం కనిపించింది. ఏడో పిన్ని మూడో తెప్ప మీదికి దూకి, బొంగుల మీద పాకుతూ వెళ్లి, నడుముకు చుట్టుకున్న కొత్త తాడుతో రెండు తెప్పలనూ కలిపి బిగించింది.

"పిన్నీ, పడతావు, పాకి వెనక్కి రా," అని అరిచాడు ఆ-టిమ్.

"నువ్వు ముందు చూసి నడుపు," అందామె.

దూరంగా మేడంత ఓడ దారి మలుపు తిరుగుతోంది. ఆఖరి తెప్ప దారి అంచున తేలే ఎర్ర బోయా దాటేసరికి మూడూ పది. ఓడ లేపిన అల వచ్చి తెప్పలను ఒక్కసారి ఎత్తి దించింది. రెండు బొంగులు విరిగి, వాటికున్న ముప్పై నలభై తాళ్లు పోయాయి. చీకటి పడేలోగా మిగతా తాళ్లను విప్పి బయటి నీళ్లలోకి దించారు. ఆమె మళ్లీ సీసా ముంచింది. ఉప్పు నాలుక రెండు పక్కలనూ పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి నది అఖాతంలోకి దిగింది. ఎర్రటి నీళ్లు, విరిగిన లీచీ కొమ్మలు, కాయలు గుత్తులు గుత్తులుగా కొట్టుకొచ్చాయి. ఆమె పుట్టింటి కొండల మట్టి అఖాతమంతా పరుచుకుంది. అప్పటికి వేయ్ చుంగ్‌లోక్ ఉదయం నుంచి ఏమీ తినకుండా నీళ్లు రుచి చూసి, రేవువాళ్ల కాళ్లావేళ్లా పడి సగం మందికి దారి ఇప్పించాడు. మిగతా సగం పదమూడున దాటారు. వాళ్లలో కొందరి తెప్పలు సగానికి సగం పోయాయి. 

స్థలాలు రాసే రోజున వేయ్ చుంగ్‌లోక్ తనే పడవెక్కి వచ్చాడు. ఏడో పిన్ని ఒక తాడు పైకి లాగి, రెండు చిప్పలు తీసి ఒకదానికొకటి కొట్టింది. చచ్చినవైతే డొల్ల మోత వస్తుంది. ఇవి రాళ్లలా మోగాయి. ఇంకో తాడు లాగమన్నాడు, లాగింది. ఆ తెప్పలో ఇరవై తాళ్లు చూశాక ఆయన కలం తీశాడు.

"ఏ చివర కావాలి?"

"మొగకు ఎదురుగా. నది దిగితే ముందు నాకే తెలియాలి."

ఆయన గడి నింపాడు. కలం జేబులో పెట్టుకుంటూ, "మరి ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడు.

"నా ఒంటికేమైంది?" అందామె.

ఆ మాటా షెడ్డుకు చేరింది. సూ పెద్దమ్మ ఒప్పుకోలేదు. కిడ్నీల జబ్బు మనిషికి చివరిదాకా తెలియదట, తన మేనత్తకూ అలాగే అయిందట. షెడ్డులో ఎవరూ ఏడో పిన్నితో ఎప్పుడూ రాత్రి భోజనం చెయ్యలేదు. గ్వాంగ్‌చియును అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. తొమ్మిదో అంతస్తులో, సాయంత్రపు నీళ్లు చూసి వచ్చాక, ఆమె ప్రతి రోజూ అన్నంలోకి ఉప్పు చేప వేయించుకునే తింటుంది. ఒక్కరోజు కూడా మానలేదు.